పక్కన అంటించే ముక్క

నేను ఒక పసివాడి గొంతులో పుట్టి, రాజమండ్రిలోని ఒక ఆసుపత్రిలో మైనంలో కూరుకుపోయి, ఇన్నేళ్లుగా ఊరివాళ్ల జబ్బులకు సాక్ష్యం చెబుతున్న టాన్సిల్ ముక్కను. చూడటానికి గొప్పగా ఏమీ ఉండను. బొటనవేలంత ప్లాస్టిక్ పెట్టె, దాని మీద తెల్లటి మైనపు దిమ్మ, మధ్యలో చిక్కుడు గింజంత బూడిదరంగు మచ్చ. ఆ మచ్చే నేను.

నన్ను మోసిన పిల్లాడి పేరు నాకు తెలియదు. పేరు బయటివాళ్లు పిలిచేది. గొంతులో ఉన్నదానికి వాడి ఏడుపు మాత్రమే బాగా వినిపిస్తుంది. వాడికి అస్తమానం గొంతు వాచి జ్వరం వచ్చేది. వాళ్లమ్మ మిరియాల పాలు పట్టేది, పసుపు వేసిన వేణ్నీళ్లు పుక్కిలించమనేది. అవన్నీ నా మీంచే దిగేవి. పాపం, ఆమె తిట్టుకున్నది నన్నే. నిజానికి నేను చేసింది నా పని. గొంతు గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చేపోయే సూక్ష్మజీవులను పట్టుకుని, వాటితో పోరాడే కణాలకు తర్ఫీదు ఇవ్వడం. మరీ ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు జరిగేదే చివరికి నాకూ జరిగింది. వాడికి ఐస్‌క్రీమ్ ఇస్తామని ఆశపెట్టి, మత్తుమందిచ్చి, నన్ను కోసి బయట పడేశారు.

నా లోపలి సంగతి కాస్త చెప్పాలి. అది చెప్పకపోతే తరవాత జరిగినది అర్థం కాదు. నాలో గుండ్రటి గదులు చాలా ఉంటాయి. ఆ గదుల్లో కణాలు ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ పుట్టుకొస్తాయి. వాటిలో పనికొచ్చేవి కొన్నే. మిగతావి చనిపోవాలి. వాటిని ఎవరో చంపడం కాదు, తమంతట తామే, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది లేకుండా, సర్దుకుని వెళ్లిపోవడం. నేను బతికున్న రోజుల్లో నాలో అలాంటి చావులు రోజూ కొల్లలుగా జరిగేవి. అవి జరిగినన్నాళ్లూ పిల్లాడు బాగానే ఉన్నాడు.

ఈ వ్యవహారాన్ని నడిపేది ప్రతి కణంలోనూ కాపురముండే ఒక ప్రోటీన్ల కుటుంబం. బీసీఎల్-2 కుటుంబం అంటారు దాన్ని. పోలికలు ఒకటే గానీ బుద్ధులు వేరు. కుటుంబానికి పేరిచ్చిన పెద్దాయన బీసీఎల్-2 చావుకు అడ్డం పడతాడు. అదే ఇంట్లో పుట్టిన బ్యాక్స్, బ్యాక్ అనే ఇద్దరు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు చిల్లు పొడిచి కథ ముగిస్తారు. బిమ్, ప్యూమా లాంటి చిన్నవాళ్లు ఇంకొందరున్నారు. కణంలో ఏదో పాడైందనగానే వాళ్లు కబురు మోసుకొచ్చి, పెద్దాయన చేతులు కదలకుండా పట్టుకుంటారు. ఇక ఆ ఇద్దరికీ అడ్డుండదు. చిల్లు పడ్డాక క్యాస్పేసులనే మరో కుటుంబం దిగి, పెళ్లయ్యాక పందిరి విప్పినట్టు కణాన్ని విప్పి మూటలు కడుతుంది. ఆ మూటల్ని మింగి చోటు శుభ్రం చేసే పెద్ద కణాలు కూడా ఆ గదుల్లోనే తిరుగుతుంటాయి. మనుషుల ఇళ్లలో ఎవరినీ ఇంత పద్ధతిగా సాగనంపరు.

నా గదుల మధ్యలో మాత్రం పెద్దాయన కనపడడు. అక్కడ ఆయన ఉంటే పనికిరానివి కూడా బతికిపోతాయని శరీరం ఆయన్ని కావాలనే దూరం పెడుతుంది. గదుల చుట్టూ ఉన్న వలయంలోని కణాల్లో ఆయన దర్జాగా ఉంటాడు. బీసీఎల్-2ని పట్టి చూపించే మందు పోసి రంగు వేస్తే, నా గదుల నడిమి భాగం పాలిపోయి, చుట్టూ గోధుమరంగు కట్టు కట్టినట్టు కనిపిస్తుంది. నా బతుకుతెరువంతా ఆ తేడా మీదే.

ఎందుకంటే కొందరిలో ఈ లెక్క తప్పుతుంది. రెండు క్రోమోజోములు పొరపాటున ముక్కలు మార్చుకుంటాయి. ఎప్పుడూ ఆరని స్విచ్చు పక్కకు పెద్దాయన జన్యువు వచ్చి పడుతుంది. ఇక ఆయన గది మధ్యలో తిష్ఠ వేస్తాడు. బిమ్, ప్యూమాలు ఎంతమంది వచ్చినా ఆయనకున్న చేతులన్నీ పట్టుకోలేరు. వెళ్లాల్సిన కణాలు వెళ్లవు. వాటికి తొందరా ఉండదు, దుర్మార్గమూ ఉండదు. ఊరికే ఉండిపోతాయి, పేరుకుపోతాయి, మెడలో గడ్డగా తేలుతాయి. లింఫోమా అనే క్యాన్సర్లలో ఒక రకం ఇలాగే మొదలవుతుంది.

నన్ను ఈ రూపానికి తెచ్చింది ల్యాబ్ టెక్నీషియన్ మస్తాన్ గారు. ఫార్మలిన్‌లో నానబెట్టి, స్పిరిట్‌లో ముంచి, కరిగిన మైనం పోసి చల్లార్చారు. "దీన్ని కంట్రోల్‌కి ఉంచుదామండి, గదులు భలేగా ఉన్నాయి" అని ముక్కలు పరీక్షించి రిపోర్టు రాసే డాక్టర్ శశిరేఖ గారితో అన్నారు. కంట్రోల్ అంటే పోల్చుకోవడానికి పక్కన అంటించే మంచి ముక్క. రోగి ముక్క ఉన్న గాజు స్లైడు మీదే నా పొర కూడా ఒకటి ఉంటుంది. రెండిటికీ ఒకే రంగు వేస్తారు. నాలో రంగు పడాల్సిన చోట పడి, పడకూడని చోట పడకపోతే, ఆ రంగు నమ్మదగినదని అర్థం. ఆ తరవాతే రోగి ముక్కను చూడాలి. మస్తాన్ గారు నన్ను కోత మిషనుకు బిగించి, ఉల్లిపొరకంటే పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి, స్లైడుతో ఒడుపుగా పట్టుకునేవారు. ఎప్పుడూ లేబుల్ ఉన్న వైపే నన్ను అంటించేవారు. రోగి ముక్క అవతలి చివర. అది ఆ ల్యాబ్ ఆనవాయితీ. ఎక్కడా రాసి పెట్టుకోలేదు, అందరికీ తెలిసినదే కదా అని.

మొదట్లో శశిరేఖ గారు ప్రతి స్లైడు మీదా ముందు నన్నే చూసేవారు. కొన్నాళ్లకు చూసీ చూడనట్టు చూసేవారు. నేను ఏనాడూ తప్పు చెప్పలేదు మరి. ఇంకొన్నాళ్లకు నన్ను దాటేసి నేరుగా అవతలి చివరకే వెళ్లిపోవడం మొదలైంది. నమ్మకస్తులకు దక్కే మర్యాద ఇదే. నాకేమీ బాధ లేదు, కాస్త గర్వంగానే ఉండేది.

మస్తాన్ గారు ఉద్యోగ విరమణ చేశాక గంగాధర్ వచ్చాడు. వేరే ఊళ్లో పెద్ద ల్యాబ్‌లో చేసి వచ్చినవాడు, చెయ్యి చక్కగా తిరిగినవాడు. నన్ను కోస్తే ఒక్క గీత పడేది కాదు. అతను వచ్చిన కొత్తలోనే నూకరత్నం వచ్చింది.

మా డ్రాయరు రిపోర్టులిచ్చే కిటికీ పక్కనే ఉంటుంది. వచ్చేవాళ్ల మాటలన్నీ నా చెవిన పడతాయి. నూకరత్నానిది కడియపులంక. పెళ్లయిన దగ్గర్నుంచీ వేరేవాళ్ల నర్సరీల్లో గులాబీ అంట్లు కడుతోంది. ఎప్పటికైనా సొంత నర్సరీ పెట్టుకోవాలని ఆమె కోరిక. అందుకని కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి ఒప్పుకుంది. వాళ్లక్క ఇప్పటికే అక్కడ ఉంది. అంతా కుదిరాక మెడ పక్కన గడ్డ ఒకటి తేలింది. సర్జన్ దాన్ని తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు బాగుంటే వెళ్తుంది, లేకపోతే లేదు. ఆమె బతుకంతా వచ్చి మా కిటికీ దగ్గర ఆగింది.

మామూలు రంగు వేసిన మొదటి స్లైడు చూసినప్పుడు శశిరేఖ గారికి ఏదో తేడా కొట్టింది. గదులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుకిరుగ్గా ఉన్నాయి. చచ్చిన కణాలను మింగే పెద్ద కణాలు ఎక్కడా కనపడలేదు. చావులే లేకపోతే వాటికి పనేముంది? అందుకే బీసీఎల్-2 రంగు వెయ్యమన్నారు. గంగాధర్ నూకరత్నం ముక్కనూ నన్నూ కలిపి ఒకే స్లైడు మీద ఎక్కించి, రంగు వేసి ఇచ్చాడు. ఆవిడ అలవాటు ప్రకారం లేబుల్ వైపు ముక్కను దాటేసి, అవతలి చివర ముక్కను చూశారు. గదుల నడుమ పాలిపోయి, చుట్టూ గోధుమరంగు కట్టుతో, ముచ్చటగా ఉంది. ఆవిడ హమ్మయ్య అనుకున్నారు.

అది నేను.

గంగాధర్ పాత ల్యాబ్‌లో ఆనవాయితీ వేరు. అక్కడ లేబుల్ పక్కన రోగి ముక్క, చివర కంట్రోల్. అతను అలాగే అంటించాడు. నేను ఎప్పుడూ నిజమే చెబుతానని నమ్మి నన్ను చూడటం మానేశారు. చూడటం మానేశాక, నన్నే చూసి నూకరత్నం ముక్క అనుకున్నారు. నేను గాజు మీద అతుక్కుని ఉన్నాను, నోరు లేదు. ఆ పూట నాకు కలిగిన దుఃఖం ఇంకెప్పుడూ కలగలేదు.

రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన నూకరత్నం కిటికీ దగ్గర కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. శశిరేఖ గారు అప్పుడే అటుగా వెళ్తున్నారు.

"ఏం రాసారండి ఇందులో?"

"భయపడాల్సిందేమీ లేదమ్మా. ఇన్ఫెక్షన్‌కి వాచిన గడ్డ. సర్జన్ గారికి ఒకసారి చూపించండి."

"అయితే కువైట్ ఎల్లొచ్చాండి?"

"నిక్షేపంగా వెళ్లండి."

ఆమె కాగితాన్ని మడిచి జాకెట్‌లో దోపుకుని, వెళ్తూ వెళ్తూ కిటికీ చెక్కకు దణ్ణం పెట్టుకుంది. మనుషులు దణ్ణం పెట్టేది చాలాసార్లు తప్పు చోటే.

సంగతి బయటపడింది శశిరేఖ గారి మెచ్చుకోలు వల్లనే. ఆ స్లైడు ఆవిడకు ఎంత నచ్చిందంటే, మెడికల్ విద్యార్థులకు ఆరోగ్యమైన గదులు ఇలా ఉంటాయని చూపించడానికి ఫోటో తీయాలనుకున్నారు. మంచి చోటు కోసం స్లైడును జరుపుతూ జరుపుతూ నా అంచు దాకా వచ్చారు. అక్కడ నన్ను కప్పి ఉన్న పొర కనిపించింది, నోట్లోనూ గొంతులోనూ ఉండే పొర. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మెడలో గడ్డకు గొంతు పొర ఎక్కడినుంచి వస్తుంది? స్లైడును రెండో చివరకు జరిపారు. లేబుల్ పక్కన ఉన్న ముక్కలో గదులన్నీ నడిమిదాకా ముదురు గోధుమరంగుతో నిండి ఉన్నాయి. పెద్దాయన ఒక్క గదినీ వదల్లేదు.

"గంగాధర్, కంట్రోల్ ఎటు అంటించావు?"

"చివర్నే మేడమ్. ఎప్పుడూ అంతే కదా."

"ఇక్కడ లేబుల్ పక్కన అంటిస్తాం."

"నాకెవరూ చెప్పలేదు మేడమ్."

"చెప్పలేదు," అన్నారావిడ. స్లైడును తీసి లేబుల్ మీది పేరు చదివారు. "చెప్పలేదు సరే. నేను కంట్రోల్ చూసి ఉంటే నువ్వు ఎటు అంటించినా తెలిసేది."

ఆ రోజు ఇద్దరూ మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. గంగాధర్ వచ్చిన దగ్గర్నుంచి రంగు వేసిన స్లైడులన్నీ బయటికి తీసి మళ్లీ చూశారు. వాటిలోనూ నేను చివరే ఉన్నాను గానీ, ఆ రోగుల ముక్కల్లోనూ జబ్బు లేదు కాబట్టి రిపోర్టులు తప్పలేదు. నూకరత్నానిదొక్కటే తప్పింది. ఆవిడ ఫోన్ చేసినప్పుడు నూకరత్నం తోటలో లారీకి మొక్కలు ఎక్కిస్తోంది. మర్నాడు హైదరాబాద్ బస్సు, అక్కణ్ణుంచి విమానం. ఏమైందో ఫోన్‌లో చెప్పకుండా వెంటనే రమ్మన్నారు. రాజమండ్రికి మొక్కలు దింపడానికి వస్తున్న అదే లారీలో, మట్టి చేతులతోనే వచ్చింది.

శశిరేఖ గారు ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టకుండా లోపలికి పిలిచారు.

"కూర్చో నూకరత్నమ్మా. మొన్న నేను ఇచ్చిన రిపోర్టు తప్పు. ఆ తప్పు నాదే."

నూకరత్నం కూర్చోలేదు. "తప్పంటే ఏటండి?"

"నీ ముక్క పక్కన, పోల్చుకోవడానికి ఒక మంచి ముక్క అంటిస్తాం. నేను దాన్ని చూసి నీదనుకున్నాను."

"అయితే నాది..."

"క్యాన్సరమ్మా. నెమ్మదిగా పెరిగే రకం. మందులున్నాయి, బాగా పనిచేసే మందులే. కానీ ఇప్పుడు వెళ్లకూడదు. అక్కడికి వెళ్లి చూపించుకోకుండా ఉండిపోతే మళ్లీ వచ్చేసరికి చెయ్యి దాటిపోవచ్చు."

నూకరత్నం అప్పుడు కూర్చుంది. గోళ్లలో మట్టి తీసుకుంది. గంగాధర్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, లోపలికి రావడానికి మొహం చెల్లక.

"ఆ కాయితం ఇచ్చిన కాణ్ణించి ఎంత బాగా నిద్ర పట్టిందోనండి," అంది చివరికి. "గడ్డ లేచిన కాణ్ణించి కంటిమీద కునుకు లేదు. మొన్న మాత్రం తెల్లారిందాకా ఒళ్లు తెలీలేదు."

నా ఆరోగ్యాన్ని తనదనుకుని ఆమె నిద్రపోయింది, అరువు తెచ్చిన నగ పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు. ఆ మాట విన్నాక, నిజంగా ఇచ్చేయగలిగితే ఇచ్చేద్దును అనిపించింది. నాలో ఉన్న గదులన్నీ, చావడం తెలిసిన కణాలన్నీ ఆమెకే ఇచ్చేద్దును.

"ఓసారి చూత్తానండి," అందామె.

శశిరేఖ గారు ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, రెండు ముక్కలూ ఒకదాని తరవాత ఒకటి చూపించారు. నూకరత్నం ఒక కన్ను మూసి, నోరు కొద్దిగా తెరిచి, అంటు కట్టేటప్పుడు చూసినంత శ్రద్ధగా చూసింది.

"ఈ మాసినట్టున్నయ్యి నాయాండి?"

"అవునమ్మా. వీటిలో చాలా కణాలు ఎప్పుడో పోవాల్సినవి. పోనివ్వకుండా ఒక ప్రోటీన్ అడ్డం కూర్చుంది. గోధుమరంగు దానిదే. ఈ పక్కవాటిలో నడిమిన అది లేదు, అందుకని తెల్లగా ఉన్నాయి."

"ఎండిపోయిన గులాబీల్ని మేము తుంచేత్తామండి. ఉంచితే మొక్క బలమంతా అయ్యే లాగేత్తాయి."

"ఇవి వాటంతట అవే రాలాలి. రాలడం మరిచిపోయాయి. అడ్డం కూర్చున్న ఆ ప్రోటీన్‌నే లొంగదీసే మందులు కొన్ని రక్తపు క్యాన్సర్లకు వచ్చాయి. నీకు ముందు వేరే మందులతో మొదలుపెడతారు."

నూకరత్నం మళ్లీ నావైపు జరపమంది. ఈసారి ఇంకా ఎక్కువసేపు చూసింది. చూస్తూనే అడిగింది.

"ఈ బాగున్న ముక్క ఎవరిదండి?"

"ఎవరో పిల్లాడిది. ఎప్పుడో టాన్సిల్స్ ఆపరేషన్ చేసినప్పుడు తీసినది."

"పిల్లోడు బాగున్నాడాండి?"

శశిరేఖ గారు గంగాధర్ వైపు చూశారు. గంగాధర్ ఆవిడ వైపు చూశాడు. ఇన్నేళ్లలో నన్ను కోసినవాళ్లు, రంగు వేసినవాళ్లు, చూసినవాళ్లు, చూడటం మానేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తన మెడలో క్యాన్సర్ ఉందని తెలిసి పావుగంట కూడా కాని మనిషి అడిగింది.

"బాగానే ఉండి ఉంటాడమ్మా. ఈపాటికి పెద్దవాడై ఉంటాడు."

"ఉండాలండి," అంది నూకరత్నం. ఆ తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గంగాధర్ లోపలికి వచ్చి ఆమె పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టాడు.

ఆమె కువైట్ వెళ్లలేదు. పై అంతస్తులో సెలైన్‌లో మందు ఎక్కించుకోవడానికి వస్తూ పోతూ ఉండేది. కిటికీ దగ్గర ఆమె గొంతు అప్పుడప్పుడూ వినిపించేది, ఒక్కోసారి నీరసంగా, ఒక్కోసారి గంగాధర్‌ని ఆటపట్టిస్తూ. శశిరేఖ గారిలోనూ మార్పు వచ్చింది. ఏ స్లైడు పెట్టినా ముందు నా దగ్గరికి వచ్చి, నా అంచు పొర చూసుకుని, అప్పుడు అవతలికి వెళ్లేవారు. కొత్తగా ఎవరు చేరినా లేబుల్ పక్కన ఏది అంటించాలో మొదటి రోజే నోటితో చెప్పి, చేత్తో చేయించి మరీ చూసేవారు. ఈలోగా నేను అరిగిపోతూ వచ్చాను. కోతకోతకూ మచ్చ చిన్నదై, మైనంలోంచి వెలుతురు కనపడేంత పల్చనయ్యాను.

ఎండలు ముదిరాక ఒక పొద్దున నూకరత్నం కిటికీ దగ్గరికి వచ్చింది. పల్చబడిన జుట్టు మళ్లీ మొలుస్తోంది.

"పైన డాక్టరు గారు స్కానింగులో ఏం కనపడట్లేదన్నారండి. మళ్లీ వచ్చే గుణం ఉన్న జబ్బంట, చూపించుకుంటా ఉండమన్నారు. ముక్క తియ్యక్కర్లేదంట, మీకాడికి రానక్కర్లేదంట. నేనే వచ్చానండి."

శశిరేఖ గారు లేచి వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు.

"ఆ పిల్లోడి ముక్క ఇంకా ఉందాండి?"

గంగాధర్ డ్రాయరు తెరిచి నన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. రోగి చెయ్యి నన్ను తాకడం అదే మొదలు. కత్తి పట్టీ, దారం చుట్టీ గట్టిపడ్డ చెయ్యి అది, వెచ్చగా ఉంది. ఆమె నన్ను వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇంత పల్చనైపోయాడేటండి?"

"ఎంతమందికి పెట్టామో లెక్కలేదమ్మా," అన్నాడు గంగాధర్.

"ఇంక కొయ్యకండి. ఉంచేయండి."

శశిరేఖ గారు కిటికీ బయటికి చూశారు. "ఇంకో టాన్సిల్ సిద్ధం చేస్తున్నాం. అది కుదిరేదాకా దీన్నే కొయ్యాలి. బయట ఇద్దరి గడ్డలు వచ్చి ఉన్నాయి. వాళ్లకి చెప్పాలి కదా."

నూకరత్నం తల తిప్పి చూసింది. కిటికీ అవతల బెంచీ మీద ఒక ముసలాయన, పక్కన మెడకు పట్టీ వేసిన ఒక అమ్మాయి, ఇద్దరూ ఇటే చూస్తున్నారు. ఆమె బొటనవేలితో నా మీది మైనాన్ని ఒకసారి నిమిరి, నన్ను గంగాధర్ చేతిలో పెట్టింది.

"అయితే కొయ్యండి," అంది.